రోజుకో చేదు

విదియ

ఇవాళ పొద్దున వదిన చెప్పిన చేదు: నిన్న నేను జల్లెడ కడగలేదు.

మిగతా నిన్నంతా మామూలేనట. నాచు ఆరబెట్టాం. మధ్యాహ్నం చారు, వేయించిన ఎండు చేపలు. సాయంత్రం పోటు ఎక్కుతుంటే మా ఇంటి తెప్ప తాళ్ళు వదులు చేశాం. నాకు ఒకసారి మూర్ఛ వచ్చింది, చిన్నదే, చేతిలో గ్లాసు కింద పెట్టే వ్యవధి కూడా ఇచ్చింది. ఇవేవీ నాకు లేవు. వదిన చెప్పింది. చివర ఆనవాయితీ ప్రకారం "ఉంచుకో" అంది. నేను "ఉంచుకున్నాను" అన్నాను. ఆ మాట అన్నాక మంచినీళ్ళు తాగాలి. తాగాను.

నేను రోజూ రాసుకునే పుస్తకాన్ని పలక అంటాం. దాని మొదటి పేజీలో నా అక్షరాలతోనే ఇలా ఉంది: "ఆరోగ్య పడవలో వచ్చే నర్సు ఎస్తేరు గారు రాయమన్నారు. పొద్దున చెప్పించుకున్నదీ, పగలు కళ్ళతో చూసినదీ, ఏమనిపించిందో అదీ." మొదటి రెండూ రాయగలను. మూడోదానికి పెద్దగా సరుకు ఉండదు.

పేరు లోవకుమారి. మెదడు వాపు వచ్చేనాటికి డిగ్రీ రెండో ఏడు, కెమిస్ట్రీ. అక్కడిదాకా అన్నీ ఉన్నాయి. తెప్పల కాలేజీ ఊగే ల్యాబు, బ్యూరెట్ నిలువుగా ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోవడం, అన్నీ. ఆ తరువాతవి ఒక రాత్రి నిద్ర దాటి నిలవవు. అన్నయ్య సింహాద్రి పెళ్ళి ఆ తరువాతే జరిగింది. కాబట్టి వదిన నూకరత్నం నాకు రోజూ పొద్దున్నే కొత్త మనిషి. అయినా జడ వేయడానికి ఆమె వెనక కూర్చుంటే నా తల దానంతట అదే వెనక్కి వాలిపోతుంది. మెడకు ఆమె తెలుసు. నాకు తెలియదు.

అన్నయ్య లోతు సముద్రంలో తీగలు వేసే ఓడ మీద ఉన్నాడట. వర్షాలు వెళ్ళాక వస్తాడట.

చవితి

పొద్దున చెప్పిన చేదు: జల్లెడ కడగలేదు.

ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే జల్లెడ ప్రతి తెప్పకూ ఒకటి ఉంటుంది, గుమ్మడికాయంత. సాయంత్రం వాననీళ్ళతో, కుంచెతో రుద్ది కడగకపోతే ఉప్పు పేరుకుంటుంది. వెళ్ళి చూశాను. తళతళలాడుతోంది. కుంచె తలకిందులుగా ఆరుతోంది. ఎవరో కడిగారు. మా తెప్ప మీద ఉన్నది ఇద్దరమే.

"వదినా, జల్లెడ కడిగే ఉంది."

"అయితే నేనే కడిగుంటాను. నువ్వు కడగలేదని కదా సెప్పేను, అది మురిగ్గా ఉందని సెప్పేనా?"

లాజిక్ బాగుంది. ఊరుకున్నాను.

చేదు ఎందుకో కూడా రాస్తాను. వాపు ఊళ్ళోకి వచ్చిన కొత్తల్లో ఇళ్ళవాళ్ళు పొద్దున్నే అన్నీ మంచివే చెప్పేవారు. ఇది నాకు ఉంది, అప్పుడు స్కూల్లో చదువుతున్నాను. పక్క వరస పైడయ్య తాతకు కొడుకులు రోజూ "నీ అంతటి సరంగు లేడు" అని చెప్పేవారు. ఒకరోజు ఆయన నమ్మేసి, ఆరోగ్య పడవ తాడు విప్పుకుని, ఇద్దరు డాక్టర్లతో సహా తీసుకెళ్ళి ఇసుకమేట ఎక్కించాడు. అప్పుడు ఊరు కూర్చుని నిర్ణయించింది. చెప్పేమనిషి రోజుకో చేదు చెప్పి తీరాలి. పొగడటానికి పక్కన ఉండక్కర్లేదు, తప్పు పట్టాలంటే చూసి ఉండాలి. చేదు నిజమైతే మిగతాదీ నిజమే అని లెక్క.

పైడయ్య తాతకు మర్నాటి చేదు చెప్పడానికి కొడుకులిద్దరూ చీట్లు వేసుకున్నారు.

షష్ఠి

చేదు: జల్లెడ కడగలేదు.

చెప్పించుకోవడం అయ్యాకే పలక చదవాలన్నది పద్ధతి. ఇవాళ చెప్పించుకున్నాక చదివాను. విదియ నుంచి అదే చేదు. నేను రోజూ కడగడం మానేసి ఉండవచ్చు. లేదా వదినకు వేరే ఏదీ తోచి ఉండకపోవచ్చు. నాలో తప్పులు పట్టడానికి ఏమీ లేవంటే నేనే నమ్మను. పొద్దుటి నుంచి తెప్పల మధ్య చెక్కల దారి మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాను, ఆరబెట్టిన నాచు తొక్కేశాను, పక్క తెప్పవాళ్ళతో గొడవ పడ్డాను. చేదుకు కరువా?

ఇంకొకటి. నిన్న పీతల కూర తిన్నామని నేను రాశాను. పొద్దున వదిన దోసకాయ పప్పు అంది.

అష్టమి

నీళ్ళు మందంగా ఉన్నాయి. పోటు లేదు, ఆటు లేదు.

వదిన కొంగు చివర ముడులు ఉన్నాయి. ఒకటి కాదు, వరసగా. ఏదైనా మరిచిపోకూడదనుకుంటే ఆడవాళ్ళు వేసుకునే ముడే. చారు కాగుతుంటే ఆమె ఒక ముడి పట్టుకుని నిలబడిపోయింది. చారు పొంగింది. ఆ ముడి విప్పలేదు, ఇంకోటి వేసింది.

తరువాత అన్నం వడ్డిస్తుండగా ఆమె ఎడమ మూతి చెవి వైపు లాక్కుపోయింది. ఎడమ చెయ్యి ఒక్కసారి ఎగిరింది. రెప్ప వేసేంతలో అయిపోయింది. అన్నం కొంచెం చాప మీద పడింది.

"దోమ," అంది.

సముద్రం మధ్యలో మాకు దోమలు లేవు.

ఆ ఎగురుడు నాకు తెలుసు. నాకు ఉన్న ఆఖరి వారాలలో అదే ఉంది. ల్యాబులో చేయి ఎగిరి బ్యూరెట్ పగిలింది. మేష్టారు పరీక్షల కంగారన్నారు, ఇంట్లో నిద్ర చాలక అన్నారు. అప్పుడే ఒడ్డున ఉన్న మెట్ట ఆస్పత్రికి తీసుకెళ్ళి వాపు తగ్గే మందు ఎక్కించి ఉంటే చాలావరకు నిలిచేదని తరువాత డాక్టరు చెప్పారట. అది పలక వెనక పేజీలో ఉంది. ఆలస్యమైతే పోయింది పోయినట్టే. నేను ఆలస్యం.

చదివి పక్కన పెట్టాను. భయం వేయాలి. చేయి చూసుకున్నాను, వణకడం లేదు.

ఏకాదశి

అడిగాను. నాచు మూటలు కడుతున్నాం.

"వదినా, నిన్న ఏం తిన్నాం?"

"పొద్దున్న సెప్పేను కదేటి."

"మళ్ళీ చెప్పు."

"నీకు పదిసార్లు సెప్పడానికి నేనేమైనా గుళ్ళో మైకునా?"

"పొద్దున చెప్పలేదు. నిన్నటి తిండి సంగతే ఎత్తలేదు. నేను రాసుకున్నాను."

మూట వదిలేసింది. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది, తెప్ప మీద మేం తప్ప ఎవరూ లేకపోయినా.

"అమాస కాణ్ణించీ అలా ఉందే. తెల్లారితే నిన్నటిది కొంచెం ఉంటాది, కొంచెం ఉండదు. ఏదో ఒకటి సెప్పేత్తన్నాను. నువ్వు జల్లెడ కడగవు అన్నది మాత్రం గట్టిగా గుర్తుంది. అదెప్పటిదో మరి."

"ఎస్తేరు గారికి చెప్పాలి."

"సెప్తే? ఒక కప్పు కింద ఇద్దరు వాపు మనుసులు ఉండకూడదు. నన్ను మెట్టకి, నిన్ను ఇంట్లో సెప్పేవోళ్ళు లేనోళ్ళని ఉంచే కాపు తెప్పకి. ఆడ ఇరవై మందికి ఒక్కత్తే సెప్పే మనిసి. నిన్న తిన్నారు, తొంగున్నారు, ఉంచుకోండి. అంతే. ఒక్కరోజు కూడా మిగలదే నీకు. మీ అన్నయ్య వచ్చేదాకా ఊరుకో. నా మీద ఒట్టెయ్యి."

"అన్నయ్య వచ్చేసరికి వానలు పోతాయి. అప్పటికి నీది కూడా పోతుంది."

"పోతే పోనీ. ఒట్టెయ్యవే!"

ఏడ్చింది. ఏడుస్తుంటే ఆమె ముక్కుపుడక పక్కకు తిరిగింది. దాన్ని సరిచేయాలా వద్దా అని ఆలోచిస్తూ ఉన్నాను. ఆమె చేయి పట్టుకుని ఒట్టు వేశాను.

ద్వాదశి

చేదు: జల్లెడ కడగలేదు.

చదివాను. ఒట్టు వేశానని ఉంది. అక్షరాలు నావే. వేసినట్టు నాకు లేదు. వేరే ఎవరో వేసిన ఒట్టు నా పేరు మీద ఉన్నట్టుంది.

నాకు పోయేది ఏమిటో చూసుకున్నాను. పొద్దున ఈమె చెప్పే నిన్న. అది ఇప్పుడు నిజం కూడా కాదు. ఆమెకు పోయేది ఏమిటో చూసుకున్నాను. చూడటానికి పెద్దగా సమయం పట్టలేదు. గుండె బరువెక్కే మనిషైతే ఆ ఒట్టు నిలబెట్టుకునేదేమో.

పున్నమికి ఆరోగ్య పడవ వస్తుంది. ఇక్కడ పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, రేపటి నాకు: ఎస్తేరు గారికి చెప్పు.

పున్నమి

పోటు పెద్దది. పడవ మధ్యాహ్నానికి వచ్చింది. అక్షరాలు చూశాను. వదిన వంటలో ఉండగా ఎస్తేరు గారికి చెప్పాను. ఆవిడ పొట్టిగా, తెల్లచీర మీద లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్నారు. నన్ను ఓపికగా చూశారు.

"అమ్మాయ్, చెప్పిందే చెబుతున్నట్టు, చూసిందే చూస్తున్నట్టు అనిపించడం మీ జబ్బులో ఉంటుందమ్మా. ఆవిడ బానే ఉంది. నీ ట్యాబ్లెట్లు వేసుకుంటున్నావా?"

"పలకలో ఉంది, చూడండి."

"పలక రాసేది నువ్వే కదా తల్లీ. వాపు మనుషుల మాట మీద ఒకరిని పడవెక్కించలేను. రూలు ఒప్పుకోదు."

"నా మాట చెల్లదు, సరే. మీ చెవులు చెల్లుతాయి కదా? ఇవాళ మా ఇంట్లో భోంచేయండి. రేపు పొద్దున వదిన నాకు నిన్నటిది చెప్పేటప్పుడు రండి. వలల వెనక కూర్చోండి."

"చెప్పే వేళ బయటివాళ్ళు ఉండకూడదు."

"అందుకే వెనక."

నవ్వారు. భోజనానికి మాత్రం ఉన్నారు. చేపల పులుసులో వదిన ఉప్పు రెండుసార్లు వేసింది. ఎస్తేరు గారు "సముద్రాన్నే వండేశావేంటమ్మా నూకరత్నం" అన్నారు. వదిన పగలబడి నవ్వి, ఇంకో ముక్క బలవంతాన వేసింది. నవ్వుతుంటే మూతి ఎడమవైపు లాగింది. ఆ క్షణం ఎస్తేరు గారు ముల్లు తీసుకుంటున్నారు. చూశారో లేదో తెలియదు.

పాడ్యమి

పొద్దున్నే ఎవరో భుజం తట్టారు. లైఫ్ జాకెట్ వేసుకున్న ఆవిడ.

"రమ్మన్నావు కదా, వచ్చాను."

"నేనా?"

"నువ్వే. పలక చదువు, తొందరగా."

చెప్పించుకోకముందే పలక చదవడం తప్పు. చదివాను. ఆవిడ వలల వెనకకు వెళ్ళి కూర్చున్నారు. వదిన స్నానం చేసి వచ్చింది. నా ఎదురుగా మఠం వేసుకుంది. గ్లాసుతో నీళ్ళు పక్కన పెట్టింది.

"నిన్న పున్నమి. పడవ రావాల్సింది, పోటు సాల్లేదేమో, రాలేదు. మనిద్దరమే తిన్నాం. నాచు ఎత్తేం. నీకు మూర్ఛ రాలేదు. సేదు: నువ్వు జల్లెడ కడగలేదు. ఉంచుకో."

నేను గ్లాసు అందుకోలేదు. వలలు కదిలాయి.

"నూకరత్నం," అన్నారు ఎస్తేరు గారు బయటికొచ్చి. "నిన్న పులుసులో రెండో ముక్క నాకు వేసింది ఎవరమ్మా?"

వదిన ఆవిణ్ణి చూసింది. చేయి కొంగు మీదికి వెళ్ళింది. ఒక్కొక్క ముడి తడుముకుంటూ పోయింది, పూసలు లెక్కపెట్టినట్టు. ఏ ముడిలోనూ పులుసు లేదు. ఎడమ చెయ్యి ఎగిరింది. ఈసారి అందరం చూశాం.

తరువాత నావైపు తిరిగింది.

"మనిసిని దాసిపెట్టి వినిపించేవా! ఒట్టేసి! తల్లో తల పెట్టి జడేసినానే నీకు, రాయివే నువ్వు, ఒట్టి రాయివి! నీకు రేపు ఎవరు సెప్తారో సూత్తాను, నీ పేరు నువ్వే వెతుక్కుంటావు!"

ఒట్టు మాత్రం ఆమెకు ఉంది. ఆశ్చర్యం.

ఎస్తేరు గారు నా చెవిలో అన్నారు: "ఇవాళ్టి నుంచి ఆవిడ కూడా వాపు మనిషే. చేదు లేకుండా పడవ ఎక్కకూడదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఇంటి మనిషివి నువ్వే."

రేవు మీద, ఆమె పెట్టె నా చేతిలో ఉండగా చెప్పాను. "వదినా, నీకు నిన్న లేదు. ఉంచుకో."

ఆమె "ఉంచుకున్నాను" అనలేదు. నీళ్ళు ఇస్తే తాగలేదు. పెట్టె లాక్కుని, నాకు వీపు చూపిస్తూ కూర్చుంది. పడవ తిరిగింది. ఆటు తీయడంతో పాత రోడ్డు వంతెన స్తంభాలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను.

ఏమనిపించిందో రాయమన్నారు. ఎండగా అనిపించింది.

కాపు తెప్ప

తిథి ఎవరూ చెప్పరు. వరసగా పక్కలు. చెప్పేమనిషి తలుపు దగ్గర నిలబడి అందరికీ కలిపి చెబుతుంది. నిన్న అన్నం తిన్నారు. మందులు వేసుకున్నారు. పడుకున్నారు. చేదు: దుప్పట్లు సరిగ్గా మడవలేదు. ఉంచుకోండి.

"ఉంచుకున్నాం."

నా దుప్పటి మడిచే ఉంది.

కాపు తెప్ప

నిన్న అన్నం తిన్నారు. చేదు: దుప్పట్లు.

జడ వేసే ఆవిడ నా తల ముందుకు తోసి, "మెడ ఎందుకమ్మా అలా బిగబట్టావు?" అంది. నేను బిగబట్టలేదు.

కాపు తెప్ప

అన్నం. దుప్పట్లు.

పలకలో వెనక్కి వెళ్ళి చదువుతున్నాను. పీతల కూర, సముద్రాన్ని వండటం, ఒట్టి రాయి. ఎవరిదో కథ. బాగుంది. అందులో నూకరత్నం అనే ఆమెకు ఏమైందో ఇందులో లేదు.

పున్నమి

తిథి తెలిసింది, ఆరోగ్య పడవ వచ్చింది కాబట్టి. ఎస్తేరు గారితో ఒక ఆడమనిషి దిగింది. జుట్టు పల్చగా ఉంది, మోచేతి మడతలో సూదుల మచ్చలు.

"ఏటే అలా సూత్తన్నావు, కొత్త పెళ్ళికూతురొచ్చినట్టు?" అంది.

ఎస్తేరు గారు చెప్పారు. ఆమె నూకరత్నం, మా వదిన. మందు సమయానికి పడింది. వాపు దిగింది. నిలిచిందో లేదో చూడాలి. "ఈ రాత్రి ఇద్దరూ మీ తెప్ప మీద ఉండండి. రేపు పొద్దున నేను ఎదురుగా కూర్చుంటాను. ఆవిడ నీకు నిన్నటిది చెప్పాలి, చేదుతో సహా. నిజమైతే ఇల్లు మీదే. కాకపోతే ఆవిడకు కూడా కాపు తెప్పలో పక్క వేయించాలి."

"ఎస్తేరు గారూ, పరీచ్చలకి నేను ఏడో క్లాసులోనే దణ్ణం ఎట్టేసేనండి," అంది ఆమె.

సాయంత్రం తెప్ప తలుపులు తెరిచాం. బూజు. ఆమె చీపురు పట్టుకుని మాట్లాడుతూనే ఉంది.

"కొంత పోయిందే. నా పెళ్ళి నాకు లేదు. ఆస్పత్రిలో మీ అన్నయ్య పోటో సూపించేరు. ఎవరో గానీ సక్కనోడే, పెళ్ళయిందా అని అడిగేనంట."

నవ్వింది. మూతి రెండువైపులా సమానంగా వెళ్ళింది. కొంగు చూశాను. ముడులు లేవు.

తరువాత దువ్వెన తెచ్చి నా వెనక కూర్చుంది. తల వెనక్కి వాలింది. ఆపాలని చూశాను, ఆగలేదు. నిద్ర వస్తోంది. ఇంతే రాస్తున్నాను.

పాడ్యమి

పొద్దున్నే రాస్తున్నాను. సాయంత్రం దాకా ఆగాలని లేదు.

ఎస్తేరు గారు పీట మీద కూర్చున్నారు. ఒక ఆడమనిషి నా ఎదురుగా మఠం వేసుకుంది. నేను నీ వదినని అంది. గొంతు సవరించుకుంది. కొంగు మీద చేయి పెట్టబోయి తీసేసింది.

"నిన్న పడవ వచ్చింది. నేను దిగేను. తలుపులు తీసేం, బూజు దులిపేం. ఉప్మా తిన్నాం. నీకు మూర్ఛ రాలేదు. జడేసేను."

ఆగింది.

"సేదు: నువ్వు జల్లెడ కడగలేదు."

ఎస్తేరు గారు కళ్ళు దించుకున్నారు. చేతిలో ఉన్న నా పలక మూసేశారు. ఎందుకో నాకు అప్పటికి తెలియదు, ఇదంతా చదివింది తరువాత. వదిన మాత్రం ఆవిణ్ణి చూసి గొంతు పెంచింది.

"ఆగండమ్మా, అవ్వలేదు. సగం కడిగింది. సగం కడిగి, పక్క తెప్పోళ్ళ మేక ఈనిందని కేకెయ్యగానే కుంచె అందులోనే ఇడిసేసి పిల్లని సూడ్డానికి పరిగెత్తింది. తిరిగొచ్చి మరి అటేపు పోలేదు. కాలు నిలవదు దీనికి. నేను కడుగుదామనుకుని, పోనీలే, రేపటి సేదుకి పనికొత్తాదని వదిలేసేను. ఉంచుకో."

"లోవా, వెళ్ళి చూసి రామ్మా," అన్నారు ఎస్తేరు గారు. ఆవిడ లేవలేదు.

వెళ్ళాను. జల్లెడ ఎడమ సగం నున్నగా ఉంది. కుడి సగం మీద నెలల ఉప్పు తెల్లగా పెచ్చుకట్టి ఉంది. రెండింటి మధ్య గీత గీసినట్టుంది. కుంచె లోపలే నిలబడి ఉంది, వెంట్రుకలు ఉప్పుకు బిగిసిపోయాయి.

తిరిగి వచ్చి చెప్పాను. "సగమే కడిగి ఉంది. కుంచె దాంట్లోనే ఉంది."

ఎస్తేరు గారు లైఫ్ జాకెట్ బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు పెట్టుకున్నారు.

"ఉంచుకున్నాను," అన్నాను వదినతో.

రెండు గ్లాసులు నింపింది. నాకొకటి ఇచ్చి, "రేవు కాడ నువ్వు సెప్పింది ఒకటుంది, నాది అలాగే మిగిలిపోయింది. ఉంచుకున్నానే," అని రెండోది తను ఎత్తింది.

ఇద్దరం తాగాం. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. మిగతా సగం కడగాలి.